నాగులేరు : పురాణం లేని తీర్థం

తీర్థ శబ్దానికి మూలం 'తౄ' ధాతువు. దాటించునది తీర్థం. నీటిలోకి దిగడానికి అనువైన రేవుకు మొదట ఆ పేరు ఏర్పడింది. తరువాత సంసారసాగరాన్ని దాటించే క్షేత్రానికీ, శాస్త్రానికీ, గురువుకూ కూడ అదే సంజ్ఞ చెల్లింది. శ్రీమద్భాగవతం ప్రథమ స్కంధంలో తీర్థయాత్ర ముగించుకొని వచ్చిన విదురునితో ధర్మరాజు ఒక మాట అంటాడు. మీవంటి భాగవతులు స్వయంగా తీర్థరూపులు, హృదయస్థుడైన భగవంతుని ప్రభావంచేత తీర్థాలను సైతం తీర్థాలుగా చేసేవారు మీరే అని ఆ మాటకు తాత్పర్యం. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. జలానికి పావనత్వం దానంతట అది వచ్చినది కాదు, అక్కడ నిలిచిన మనిషివల్ల సంక్రమించినది అని ధర్మరాజు అభిప్రాయం. గంగా గోదావరీ కృష్ణల విషయంలో ఈ మాటను పరీక్షించడం కష్టం. వాటి మాహాత్మ్యం అనాదిసిద్ధమై మన ముందు నిలిచి ఉంటుంది. ఏ పురాణమూ పేర్కొనని, పుష్కరమూ లేని, వేసవి వస్తే ప్రవాహమే సన్నగిల్లే ఒక చిన్న ఏటిని తీసుకుంటే విషయం తేటపడుతుంది. పల్నాటి నాగులేరు అటువంటిది.

సత్తెనపల్లి నుండి పడమరగా పిడుగురాళ్ళ దాటి వెళ్తే నేల రంగు మారుతుంది. పొలం గట్లమీద, ఇళ్ళ గోడల్లో, వాకిళ్ళలో అన్నిచోట్లా పలకలు పలకలుగా నాపరాళ్ళు కనిపిస్తాయి. ఆ రాతినేలమీద కారంపూడి, దాచేపల్లి ప్రాంతాల గుండా పారి, నాగార్జునసాగరానికి దిగువన, పులిచింతలకు ఎగువన కృష్ణలో కలిసే ఉపనది నాగులేరు. 'నాగులు', 'ఏరు' అనే రెండు పదాల కలయిక ఇది. నది అనిపించుకునేంత పెద్దది కాదు, వాగు అని తీసివేయదగినదీ కాదు. తెలుగువారు 'ఏరు' అన్న మాటను సరిగ్గా ఇటువంటి ప్రవాహానికే వాడారు.

ఈ ఏటికి సాహిత్యంలో లభించిన మొదటి కీర్తి నిజానికి అపకీర్తి. శ్రీనాథునికి ఆపాదించే ఒక చాటుపద్యం తెలుగునాట తెలియనివారు అరుదు. రాజాస్థానాలలో కనకాభిషేకం పొందిన ఆ మహాకవి పల్నాటి పల్లెలను చూసి విసుగుతో ఒక పట్టీ చెప్పాడు. రాళ్ళను, జొన్నకూటిని, విషజంతువులను, ఊరూరా వెలసిన అల్పదైవాలను ఏకరువు పెడుతూ ఆ వరుసలోనే నాగులేటి నీటినీ చేర్చాడు. సన్నబియ్యం, తమలపాకుల విడెం మరిగిన రసికునికి ఈ సీమ రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం మరొకచోట ఉంది. ఆ అల్పదైవాల చరిత్రనే 'పల్నాటి వీరచరిత్రము' అనే ద్విపద కావ్యంగా రచించినవాడు కూడ శ్రీనాథుడే అని మన సాహిత్య సంప్రదాయం చెబుతుంది. చాటువు, కావ్యం రెండూ ఆయనవే అయితే, పరిహసించిన నోటితోనే స్తుతించాడన్నమాట. పరిహాసానికీ స్తుతికీ మధ్య ఆయన ఏమి తెలుసుకొని ఉంటాడన్న ప్రశ్ననే ఈ వ్యాసానికి దారిగా తీసుకుందాం.

ముందు రాతి సంగతి. పల్నాటి నాపరాళ్ళు సున్నపురాతి పొరలు. భూగర్భశాస్త్రజ్ఞులు కర్నూలు శిలాశ్రేణి అని వ్యవహరించే సముదాయానికి చెందినవి. యాభై కోట్ల సంవత్సరాలకు పూర్వమే, ఈ భూభాగం లోతులేని సముద్రం క్రింద ఉన్నకాలంలో, అడుగున పేరుకొన్న సున్నపు మడ్డి గట్టిపడి ఏర్పడ్డాయి. నేడు సముద్రపు పోటు కృష్ణా ముఖద్వారాల చెంతనే ఆగిపోతుంది. పల్నాడు దాకా వచ్చే ప్రసక్తి లేదు. అయినా నాగులేరు పారే నేల మాత్రం ఒకప్పటి సముద్రగర్భమే. తెలుగులో 'పోటు' అన్న మాటకు సముద్రం ఉప్పొంగడం అని ఒక అర్థం, ఆయుధపు దెబ్బ అని మరొక అర్థం. మొదటి పోటు ఈ ఏటికి కోట్ల ఏళ్ళనాడే తప్పిపోయింది. రెండవదానినే ఇది ఎరుగును.

సున్నపురాయి వాననీటికి కొద్దికొద్దిగా కరుగుతుంది. పగుళ్ళు వెడల్పై బిలాలు అవుతాయి, నీరు లోపలికి ఇంకి అడుగున మడుగులు కడుతుంది. అందుచేత ఈ సీమలో ఏరు రెండు విధాలుగా ప్రవర్తిస్తుంది. భారీ వర్షం కురిస్తే రాతినేల తాగలేని నీరంతా ఒక్కసారిగా ఏటిలో పడి, దారులను ముంచుతుంది. వానలు వెనుకబడితే ధార సన్నబడి, పలకల నడుమ మడుగులు మాత్రమే మిగులుతాయి. శ్రీనాథుడు చూసిన నీరు ఏ ఋతువుదో మనకు చెప్పలేదు గాని, సాగునీటి కాలువలు లేని ఆ కాలంలో బాటసారికి అది ప్రీతికరంగా ఉండకపోవడం సహజమే.

ఇక ఆ అల్పదైవాలు. పల్నాటి పొలిమేరలలో, చెట్ల క్రింద, చెరువుగట్ల మీద పసుపు కుంకుమలతో కనిపించే చిన్న చిన్న శిలలలో కొన్ని వీరగల్లులు. పోరులో మరణించినవారి స్మారకాలు. ఈ ఆచారం పల్నాటి యుద్ధంతో పుట్టినది కాదు. ఇదే సీమలో కృష్ణాతీరాన ఉన్న నాగార్జునకొండ లోయలో, క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల నాటి ఛాయాస్తంభాలు బయల్పడ్డాయి. రాజుల స్మృతికే కాదు, సేనాపతులకూ, సామాన్య యోధులకూ, ఒక శిల్పికారునికి కూడ అక్కడ స్తంభం నిలిపారు. ఛాయ అంటే ఇక్కడ ప్రతిరూపం. చనిపోయినవాని నీడ రాతిమీద నిలిచి ఉండాలని వారి కోరిక. సాగరు జలాశయంలో ఆ లోయ మునిగింది, స్తంభాలు కొండమీది ప్రదర్శనశాలకు చేరాయి. పూజ లేదు, నైవేద్యం లేదు. కారంపూడిలో మాత్రం ఆ పరంపర నేటికీ ప్రాణంతో ఉంది.

కారంపూడిని పాత కావ్యభాషలో కార్యమపూడి అంటారు. నాగులేటి ఒడ్డున ఉన్న ఈ ఊరి మైదానమే పల్నాటి యుద్ధరంగం. యుద్ధకాలాన్ని చరిత్రకారులు 12వ శతాబ్దం చివరిభాగంగా, ఎక్కువమంది 1182 ప్రాంతంగా నిర్ణయించారు. కథ అందరికీ తెలిసినదే అయినా వరుస కోసం సంక్షేపంగా చెప్పాలి. హైహయ వంశీయుడైన అనుగురాజుకు వెలనాటి చోడుల ఆడపడుచు మైలమదేవితో పాటు పల్నాడు అరణంగా లభించిందని సంప్రదాయం. ఆయన అనంతరం పెద్దకుమారుడు నలగామరాజు గురజాలను, సవతి సోదరుడు మలిదేవరాజు మాచర్లను ఏలారు. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడి మలిదేవాదులు ఏడేళ్ళు వలస వెళ్ళారు. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలి అయ్యాడు. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. భారతకథ ఛాయలు ఇందులో ఎన్ని ఉన్నాయో వేరుగా చెప్పనక్కరలేదు. జూదం స్థానంలో కోడిపందెం, అరణ్యవాసం స్థానంలో వలస. అయితే భారతంలో రాయబారి క్షేమంగా తిరిగివచ్చాడు, పల్నాటిలో రాలేదు.

దీనిని శైవ వైష్ణవ మతకలహంగా చిత్రించడం కొంతకాలంగా పరిపాటి అయింది. నాగమ్మ శివభక్తురాలనీ, బ్రహ్మనాయుడు చెన్నకేశవుని భక్తుడనీ కథలో ఉన్నది నిజమే. దానినే యుద్ధకారణంగా నిలబెట్టడం నాకు సమ్మతంగా తోచదు. కథ తానుగా చెప్పే కారణాలు దాయాదుల పంతం, భూమి, మాట తప్పడం, దూతవధ. కారంపూడిలో చెన్నకేశవుని ఆలయమూ, అంకాళమ్మ గుడీ ఒకే ఊరివారి పూజలు అందుకుంటున్నాయి. బాలచంద్రుడు యుద్ధానికి కదిలే ముందు అంకాళమ్మను సేవించాడని ప్రతీతి. మతం పేర తెగిపోయిన ఊరు ఇలా ఉండదు. ఏటి భూగోళం కూడ అదే మాట చెబుతుంది. నాగమ్మ స్థిరపడిందని చెప్పే గామాలపాడు దాచేపల్లి దిక్కున ఉంది, బ్రహ్మనాయుని పక్షపు వీరులు ఒరిగిన కారంపూడి ఈ వైపున ఉంది. రెండు పక్షాల స్మృతినీ మోస్తున్నది ఒకే ఏరు.

ఈ కథలో జిజ్ఞాసువులు ఆగి ఆలోచించవలసిన స్థలం యుద్ధం కన్న ముందే ఉంది. అది చాపకూడు. బ్రహ్మనాయుడు నానాజాతులవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి సహపంక్తి భోజనం పెట్టించాడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును జ్యేష్ఠపుత్రునిగా స్వీకరించి సేనాధిపత్యం ఇచ్చాడు. ఇది 12వ శతాబ్దపు మాట. ఇంచుమించు అదే శతాబ్దంలో కర్ణాటకలో బసవేశ్వరుడు శివభక్తుల మధ్య జాతిభేదం లేదన్నాడు. దక్షిణాన రామానుజుల సంప్రదాయం భాగవతునికి జన్మ ప్రధానం కాదన్న భావాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది. ఒకరి ప్రభావం మరొకరిపై ఎంతవరకు అన్న చర్చలోకి పోకుండా, ఆ కాలపు గాలిలోనే ఆ ఆర్తి ఉన్నదని మాత్రం గుర్తిద్దాం. ఆచార్యులు గ్రంథాలలో వ్యాఖ్యానించిన సర్వాంతర్యామిత్వాన్ని పల్నాటిలో ఒక మంత్రి వడ్డించిన అన్నంలో చూపాడు. బ్రహ్మసూత్ర భాష్యాలు చదివి అభేదాన్ని అంగీకరించడం సులభమే. ఎవరి పక్కన కూర్చొని తింటున్నాము అన్నప్పుడే ఆ అంగీకారానికి పరీక్ష.

ఆ పరీక్షలో చాప సైతం సంపూర్ణంగా నెగ్గలేదని కథే ఒప్పుకుంటుంది. బాలచంద్రునితో అన్నదమ్ములవలె పెరిగిన నానాజాతుల సహచరులలో అనపోతు బ్రాహ్మణుడు. యుద్ధానికి వెళ్ళే దారిలో, బ్రాహ్మణుడు పోరులో మరణించరాదన్న తలంపుతో, బాలచంద్రుడు ఏదో పని మిషతో అతణ్ణి వెనుకకు పంపాడు. సంగతి గ్రహించిన అనపోతు ఆత్మార్పణ చేసుకున్నాడు. ఒకే చాపమీద తిన్న చేతులు ఒకే రణంలో ఎందుకు పడరాదన్నది అతని బాధ. నా దృష్టిలో బాలచంద్రుని శౌర్యం వర్ణించే ఘట్టాలన్నిటి కన్న ఇది గొప్పది. రక్షించాలన్న గౌరవమే వేరుచేయడం అవుతుందని, వేరుచేయబడినవానికి అది మరణం కన్న దుస్సహమని ఏ ధర్మశాస్త్రమూ ఇంత సూటిగా చెప్పినట్లు తోచదు. గౌరవం పేర దూరం పెట్టడం, అగౌరవం పేర దూరం పెట్టడం రెండూ చాపను చింపేవే.

యుద్ధంలో మాచర్ల పక్షపు వీరులు నేలకొరిగారు. కారంపూడి వీరులగుడిలో అరవై ఆరుగురు వీరులు శిలారూపంలో పూజలందుకుంటున్నారు. గెలిచినవారికి మిగిలినదీ స్వల్పమే. వెలనాటి చోడుల అండ బలహీనపడి, 13వ శతాబ్దారంభంలో తీరాంధ్రం కాకతి గణపతిదేవుని అధీనంలోకి వెళ్ళింది. బ్రహ్మనాయుడు మాత్రం రణరంగంలో మరణించలేదు. గుత్తికొండ బిలంలో ప్రవేశించి అంతర్హితుడైనాడని జనవిశ్వాసం. పిడుగురాళ్ళ ప్రాంతంలోని ఈ బిలం కూడ ఇందాక చెప్పుకున్న సున్నపురాతిని నీరు తొలిచి చేసినదే. లోపల చీకటి దారులు, నీటి మడుగులు ఉన్నాయి. కాలయవనుడు వెంబడించగా శ్రీకృష్ణుడు ప్రవేశించిన గుహ ఇదేననీ, ముచుకుందుడు నిద్రించినది ఇక్కడేననీ స్థలకథ. భాగవత దశమస్కంధంలోని ముచుకుందుడు దేవతల పక్షాన యుద్ధం చేసి చేసి, వరం కోరమంటే నిద్రను కోరుకున్నవాడు. యుద్ధంలో అలసిన మరొక వృద్ధుణ్ణి జనం అదే గుహలోకి పంపడం యాదృచ్ఛికమని నేననుకోను. పాండిత్యం లేని పల్లెప్రజ కట్టిన ఈ అన్వయం ఏ వ్యాఖ్యాతకూ తీసిపోదు.

ఇప్పుడు ఏటి వద్దకు మళ్ళీ వద్దాం. ఏటా కార్తీక అమావాస్యనాడు కారంపూడిలో వీరారాధనోత్సవం మొదలై, మార్గశిరంలోకి సాగుతూ ఐదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజుల పేర్లు. కథలోని ఘట్టాలే దినాలుగా మారాయి. రాయబారంనాడు అలరాజును తలచుకుంటారు. మందపోరునాడు చాపకూడు జరుగుతుంది. కల్లిపాడునాడు వీరుల పతనం. వీరాచారవంతులు వంశపరంపరగా కాపాడుకొంటున్న ఆయుధాలను కొణతాలు అంటారు. పల్నాటి గ్రామాల నుండే కాక దూరప్రాంతాల నుండి కూడ వాటిని మోసుకొని వచ్చి, నాగులేటిలోని గంగధారి మడుగులో స్నానం చేయించి, వీరులగుడికి తీసుకువెళ్తారు. బ్రహ్మనాయుని నృసింహకుంతం, కన్నమదాసుని భైరవఖడ్గం ఈ ఆరాధనలో ప్రసిద్ధమైనవి.

స్నానం చేసేది మనుషులు మాత్రమే కాదన్నది గమనించాలి. ఇక్కడ ప్రధాన స్నాతలు ఆయుధాలు. యజ్ఞాంతంలో అవభృథస్నానం ఉన్నట్లు, రక్తమంటిన ఉక్కుకు ఏటేటా అవభృథం. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా కడగడం పూర్తి కాలేదు. మళ్ళీ కార్తీకంలో కడుగుతూనే ఉన్నారు. ఆ నీరు పావనమని ఎవరూ శాస్త్రప్రమాణం చూపలేదు, మాహాత్మ్యగ్రంథం వ్రాయలేదు. వ్రాయించాలని ఉబలాటపడేవారు నేడు ఉండవచ్చు. సంస్కృత శ్లోకాలలో ఒక ఆధునిక స్థలపురాణం కల్పించి, నాగులేటిని ఏదో ఒక ఋషి కమండలం నుండి పుట్టించడం కష్టమేమీ కాదు. అది అనవసరం. ధర్మరాజు మాట ఇక్కడ అక్షరాలా చెల్లుతున్నప్పుడు కల్పిత ఋషి ఎందుకు? ఒకే చాపమీద తిన్నవారు ఆ ఒడ్డున పడ్డారు. ఆ జ్ఞాపకం దిగిన మడుగు రేవు అయింది.

ఈ స్మృతిని నిలిపిన గొంతులనూ తలచుకోవాలి. శ్రీనాథుని ద్విపద అందరికీ చేరకమునుపే, చేరిన తరువాత కూడ, పల్నాటి వీరుల కథ పాటగానే బ్రతికింది. ఆ గాయకులలో మాలలు ప్రముఖులు. కన్నమదాసును కన్న సమాజమే కథకూ తల్లి అయిందన్నమాట. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ద్విపద కావ్యాన్ని పరిష్కరించి పీఠికతో ప్రకటించారు. జీన్ రోఘేర్ అనే విదేశీ పండితుడు మౌఖిక కథను పల్నాటి గాయకుల నోట విని, ఆంగ్లానువాదంతో 1982లో గ్రంథంగా వెలువరించాడు. తాళపత్రం నుండి ఒకరు, కంఠం నుండి ఒకరు. ఇద్దరి గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, కావ్యంలో లేని సంగతులు పాటలో ఎన్నో కనిపిస్తాయి. శ్రీనాథుని పేర లభించే భాగం ప్రధానంగా బాలచంద్రుని యుద్ధఘట్టం. పాట మాత్రం వీరుల పూర్వజన్మల నుండి అందుకుంటుంది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ సీమ నీటి చరిత్ర తలక్రిందులైంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ పల్నాటి మెట్టనేలలకు కృష్ణాజలాన్ని తెచ్చింది. జొన్న, సజ్జ పండిన చోట్ల వరి, మిరప, పత్తి వచ్చాయి. శ్రీనాథుడు మళ్ళీ వస్తే ఆ చాటువులో కనీసం కూటి సంగతి మార్చుకోవలసి ఉండేది. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలకూ, దాచేపల్లి పరిసరాల సిమెంటు కర్మాగారాలకూ ఆయన నిందించిన రాయే ధనమైంది. నాగులేరు మాత్రం చిన్న ఏరుగానే ఉంది. నీరు కాలువలో వస్తున్నప్పుడు ఏటిని పట్టించుకునేవారు తగ్గుతారు. ఊళ్ళ మురుగు, చెత్త చేరడం, ఒడ్డులు కుంచించుకుపోవడం అన్ని చిన్న ఏళ్ళకూ వచ్చిన కష్టమే. కొణతాలను కడిగే మడుగులో నీరు కడగదగినదిగా ఉండాలన్న పట్టింపు ఐదు రోజులకు పరిమితమైతే ఆరాధన అర్ధమే అవుతుంది. పెద్దనదికి పుష్కరాల ఏడు ఘాట్లు కట్టి, దీపాలు పెట్టే ప్రభుత్వానికీ, ప్రజలకూ ఈ ఏటిమీద చూపు ఉండదు. ఉండాలని అడగవలసినది భక్తులే.

చూడదలచినవారికి దారి సులభం. సత్తెనపల్లి నుండి హైదరాబాదు మార్గంలో పిడుగురాళ్ళ చేరి, అక్కడి నుండి కారంపూడికి వెళ్ళవచ్చు. గుత్తికొండ బిలం ఆ పరిసరాలలోనే ఉంది కనుక ఒకే ప్రయాణంలో రెండూ చూడవచ్చు. మాచర్ల చంద్రవంక ఒడ్డున ఉన్న చెన్నకేశవుని కూడ దర్శించదలిస్తే మరొక పూట పడుతుంది. ఉత్సవపు రోజులలో జనసమ్మర్దం ఎక్కువ. మందపోరునాటికి వెళ్ళగలిగితే చాపకూటి పంక్తిలో కూర్చునే అవకాశం ఉంటుంది. పక్కన ఎవరు కూర్చున్నారని అక్కడ ఎవరూ అడగరు.